చెడితే మాస్టారు, ఎర్ర మగ్గు

మా చెడితే మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువు కంటబడ్డా, ఏ మనిషి ఎదురైనా ఆయన నోట మొదట వచ్చే మాట "బాగుందా" కాదు, "ఎంతకి కొన్నారు" అంతకన్నా కాదు. "ఇది చెడితే ఏ వైపు చెడుతుంది?" అంతే. కొత్త గొడుగు చూపించినా అదే ప్రశ్న, కొత్త అల్లుణ్ణి చూపించినా అదే ప్రశ్న. గొడుగు తెచ్చినవాడు నవ్వి ఊరుకున్నాడు గానీ, అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చిన పొరుగాయన మాత్రం చాలాకాలం ఆ గుమ్మం తొక్కలేదు.

ఆయన మాస్టారూ కాదు, ఆ మాటకొస్తే 'చెడితే' ఆయన ఇంటిపేరూ కాదు. అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టరును కాపాడే రిలేలన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా అని సమీక్షించే ఇంజనీరు. రెండు ముక్కల్లో అయిపోయే సంగతిని నల్లబల్ల ముందు నిలబడ్డట్టు చెబుతారు కనుక మాస్టారు అయ్యారు. ముందున్న ముక్క ఆయన స్వార్జితం. సమీక్ష విభాగంలో ఆయన కింద పనిచేసినదాన్ని కనుక, ఇవేవీ నేను ఎవరో చెప్పగా విన్నవి కావు, స్వయంగా పడ్డవి.

రిలే అంటే అరచేతిలో పట్టేంత డబ్బా. లోపల ఒక రాగి తీగచుట్ట, దాని ఎదురుగా ఒక ఇనుప రేకు. కరెంటు ఉన్నంతసేపు చుట్ట ఆ రేకును పట్టుకుని ఉంటుంది. కరెంటు పోయిందా, వదిలేస్తుంది. అది వదిలేస్తే రియాక్టరు ఆగిపోతుంది. అంటే తీగ తెగినా, ఫ్యూజు పోయినా, ఎలుక కొరికినా రియాక్టరు ఆగుతుందే తప్ప అదుపు తప్పదు. "పట్టుకోవడం ఎవడైనా చేస్తాడు, సమయానికి వదిలేయడమే ఉద్యోగం," అనేవారు మాస్టారు. అయితే ఏళ్ల తరబడి అలా పట్టుకునే ఉన్నదానికి చుట్ట వేడికి పైనున్న వార్నిష్ మెత్తబడి, రేకు అతుక్కుపోయి, కరెంటు పోయినా వదలని రోగం పట్టుకుంటుందట. అదీ తప్పు వైపు చెడటం. ఈ రోగం గురించి చెప్పినప్పుడల్లా ఆయన చూపు మా విభాగం పెద్దాయన కుర్చీ మీదికి వెళ్లేది. పెద్దాయన ఆ కుర్చీలో అతుక్కుని ఎన్నాళ్లయిందో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

నా ఇంటర్వ్యూలో పెద్దాయన లెక్కలు అడిగారు, సూత్రాలు అడిగారు. నేను గడగడా చెప్పేశాను. అప్పటిదాకా తన కుర్చీ కాలు ఊగుతోందా లేదా అని వంగి చూసుకుంటున్న మాస్టారు తలెత్తారు.

"నువ్వు చెడితే ఏ వైపు చెడతావమ్మా?"

నాకు అర్థం కాలేదు. పని చేతకాక చిక్కుపడిపోతే ఏం చేస్తావని ఆయనే విడమరిచి అడిగారు. భయంతో నిజం వచ్చేసింది. "ఏడుస్తానండి," అన్నాను.

"లోపల్లోపలా, బయటికా?"

"బయటికేనండి."

"పక్క గదిలోకి వినపడుతుందా?"

"వినపడుతుందండి," అన్నాను, అప్పటికే కళ్లు తుడుచుకుంటూ. మాస్టారు తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలి, ఈ అమ్మాయిని తీసుకోండి అన్నారు. ఏడుపుగొట్టుదనం చూసి ఉద్యోగం ఇచ్చారని ఇంట్లో చెబితే మా నాన్న నమ్మలేదు, ఆ కేంద్రం కరెంటు మనింటికి వస్తుందా అని మాత్రం అడిగాడు.

ఇక చేరాక చూడాలి నా తిప్పలు. నేను పగలంతా కూర్చుని రాసిన సమీక్షను ఆయన ఒక మరచీల దగ్గర ఆపేసేవారు. ఆ మర వదులైతే తీగ ఊడుతుందా, ఊడితే దేనికి తగులుతుంది, తగిలితే రిలే పట్టుకుంటుందా వదులుతుందా అని మళ్లీ మొదటినుంచి. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గరా సుఖం లేదు. నా క్యారేజీ మూత వంక అనుమానంగా చూసి, ఇది ఊడితే కూర నీ సంచిలోకి పోతుందా నా ఒళ్లోకి పోతుందా అని అడిగి, జవాబు వినకుండానే కుర్చీ జరుపుకునేవారు. లిఫ్టు ఎక్కేవారు కాదని కాదు, ఎక్కేవారు. ఎక్కాక, తాడు తెగితే పట్టుకునే బ్రేకుల గురించి తోటివాళ్లకి వివరించేవారు. మేం ఉన్నది నాలుగో అంతస్తు. ఆయన పుణ్యమా అని ఆఫీసులో సగం మందికి మెట్లెక్కే మంచి అలవాటు అబ్బింది.

ఆయనకి ఇంకో పిచ్చి కూడా ఉంది, కానీ అది మొదటిదానికి తోబుట్టువే. రియాక్టరుకి ఒకే కాపలా ఉండదు, మూడు వరసల రిలేలు ఉంటాయి. మూడింట్లో ఏ రెండు "ఆపు" అన్నా ఆగాలి. ఒకటి పిచ్చిగా మాట్లాడినా, ఒకటి మూగబోయినా మిగతా రెండూ కాస్తాయి. ఈ పద్ధతిని ఆయన ఇంట్లో కూడా పెట్టారు. గోడకి మూడు గడియారాలు, మూడూ మూడు కంపెనీలవి. ఏదైనా నిర్ణయం చేయాలంటే ముగ్గురి ఓట్లు. ఆయనది, భార్యది, వాళ్లతోనే ఉండే అత్తగారిది. ఫలితం ఎప్పుడూ రెండు ఒకటి. సోఫా ఎక్కడ వేయాలన్నా, ఎండాకాలం ఎక్కడికి వెళ్లాలన్నా, ఆయన ఆ పాత చొక్కా పారేయాలా వద్దా అన్నా, రెండు ఒకటి.

"మీరు ఒక్కసారీ గెలవరు కదండీ, ఈ పద్ధతి ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "పద్ధతిలో దోషం లేదమ్మాయ్. ఆ రెండూ ఒకే బ్యాచ్ సరుకు. సమీక్ష చేయకుండా సంబంధం ఒప్పుకున్నాను."

ఇలా నవ్వుకుంటూ, విసుక్కుంటూ రోజులు గడుస్తుండగా మా కేంద్రంలో ఆ తీగ వ్యవహారం వచ్చిపడింది.

రిలేలను పరీక్షించే మెకానిక్ ఒకతను ఉండేవాడు. నెమ్మదస్తుడు. కాంట్రాక్టు మీద చేరి, పర్మినెంటు చేస్తారని ఎదురుచూస్తున్నాడు. ఆర్డరు ఆ నెలలోనే వస్తుందని మాకందరికీ తెలుసు. భార్యకి నెలలు నిండుతున్నాయని కూడా తెలుసు, ఎందుకంటే దొరికినవాళ్లందరినీ ఆపి అతనే చెప్పేవాడు. ఒక వరసను పరీక్షించేటప్పుడు అది ఊరికే "ఆపు, ఆపు" అని అరవకుండా ఒక చిన్న తీగ ముక్కను దాని కొసలకి తగిలిస్తారు. పరీక్ష అయ్యాక ఆ తీగ తీసి జేబులో వేసుకోవాలి. ఆ రోజు అతను అన్నీ చేశాడు, రిలేలు ఉండే ఇనప బీరువా తలుపు వేశాడు, ఇంటికి వెళ్లాడు. తీగ తీయడం మాత్రం మరిచిపోయాడు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడట. అలవాటుగా జేబు తడుముకుంటే తీగ లేదు. అంతే, పళ్లెం అలాగే వదిలి, చొక్కా తిరగేసి తొడుక్కుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఆయాసపడుతూ కేంద్రానికి వచ్చి షిఫ్టు అధికారి ముందు నిలబడ్డాడు. వెంటనే వెళ్లి తీగ తీశారు. ఆ పూటంతా మూడు వరసల్లో ఒకదాని నోరు మూసి ఉందన్నమాట. మిగతా రెండూ మేలుకునే ఉన్నాయి కనుక ఎవరికీ ఏమీ కాలేదు. అయినా అది చిన్న తప్పు కాదు. పెద్దాఫీసు నుంచి ఒక అధికారి బయల్దేరాడు, విచారణ సంఘం వేశారు. సంఘంలో ఆ అధికారి, మా పెద్దాయన, మూడోవారు మాస్టారు. మాటలు రాసుకోవడానికి నేను.

మాస్టారి పేరు వినగానే మెకానిక్ మొహం పాలిపోయింది. నా బల్ల దగ్గరికి వచ్చి, మరచీలనే వదలని మనిషి నన్ను వదులుతాడా అమ్మా అన్నాడు. అప్పటికే పెద్దాయన అతన్ని పంపించేయాలని మనసులో ఖాయం చేసుకున్నారు. ఒకణ్ణి తీసేస్తే మనం గట్టిగా ఉన్నామని పైవాళ్లకి తెలుస్తుందని నాతోనే అన్నారు. ఇక మిగిలిన దారి మాస్టారే. నేను ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్లి, పాపం సార్, ఇంట్లో మనిషి నిండు గర్భిణి, కాస్త చూడండి అని బతిమాలాను.

ఆయన పాత రిలే ఒకటి విప్పి పెట్టుకుని రేకును వేలితో నొక్కి వదులుతున్నారు. తల ఎత్తలేదు. "అసలా మనిషి చెడితే ఏ వైపు చెడతాడో చూడాలి," అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి బతుకు మునిగిపోతుంటే ఇప్పుడు కూడా ఈ పాటేనా అని, తలుపు కాస్త గట్టిగానే వేసుకుని వచ్చేశాను. వెనకనుంచి "ఆ గడియ వదులుగా ఉందమ్మాయ్" అని కూడా వినిపించింది.

విచారణ రోజు మాస్టారు ఉబ్బిపోయిన గుడ్డసంచి ఒకటి చంకన పెట్టుకుని వచ్చారు. వచ్చీ రాగానే మామూలు తంతు. నీళ్ల జగ్గు కాగితాలకి దూరంగా జరిపించారు. తన కుర్చీ ఊపి చూసి, బాగా లేదని పెద్దాయన కుర్చీతో మార్చుకోబోతే ఆయన లేవలేదు. పెద్దాఫీసు అధికారి గడియారం చూసుకున్నాడు. మెకానిక్ గోడవారన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. ఈ సారి చొక్కా సరిగ్గానే తొడుక్కున్నాడు గానీ బొత్తాలు కాజాలకి కుదరలేదు.

పెద్దాయన గొంతు సవరించుకుని, నిర్లక్ష్యం, క్రమశిక్షణ, ఉదాహరణగా నిలవడం వంటి మాటలతో చాలాసేపు మాట్లాడారు. చివరికి ఇతన్ని పనిలోంచి తీసేయాలని నా అభిప్రాయం అన్నారు. అంటే ఒక ఓటు పడిపోయింది. అధికారి మాస్టారి వంక చూశాడు. మాస్టారు మెకానిక్ వంక చూశారు.

"తీగ ఉండిపోయిందని నువ్వు చెప్పకపోతే ఎప్పటికి తెలిసేది బాబూ?"

"వచ్చే నెల మళ్లీ పరీక్ష పెట్టినప్పుడండి."

"ఎవరికి తెలిసేది?"

"ఆ పరీక్ష చేసేదీ నేనేనండి. నాకే."

"అప్పుడు చల్లగా తీసి జేబులో వేసుకుంటే?"

మెకానిక్ తన జేబు వంక చూసుకున్నాడు. "ఎవరికీ తెలిసేది కాదండి," అన్నాడు చివరికి.

"మరి ఎందుకు చెప్పావు?"

"అన్నం దిగలేదండి."

నేను రాయడం ఆపేశాను. మాస్టారు బల్ల మీద వేలితో కొట్టి, రాసుకో అమ్మాయ్ అన్నారు.

"తీగ చెడితే తప్పు వైపు చెడుతుంది. నోరు మూసుకుని లోపల కూర్చుంటుంది. ఈ మనిషి చెడితే చెప్పే వైపు చెడతాడు. ఇందులో మార్చాల్సింది దేన్ని?"

పెద్దాయనకి కోపం వచ్చింది. "అంటే తప్పు చేసినవాణ్ణి వదిలేయమంటారా?"

"తప్పు చేయనివాణ్ణి ఎక్కణ్ణించి తెస్తారు? నేనూ చెడతాను, మీరూ చెడతారు. అందరం ఎప్పుడో ఒకప్పుడు చెడేవాళ్లమే, అందులో వింతేమీ లేదు. ఇవాళ ఇతన్ని పంపించేయండి. రేపు తీగ మరిచినవాడు శుభ్రంగా అన్నం తిని పడుకుంటాడు. అప్పుడు ఈ కేంద్రం మొత్తం తప్పు వైపు చెడుతుంది."

ఇన్నేళ్లూ ఆ ప్రశ్న విని, ఈయనకి ఎవరి మీదా నమ్మకం లేదనుకున్నాం. ఎవడు చెడిపోతాడా అని కాచుకుని కూర్చున్నారనుకున్నాం. ఆయన మాత్రం అందరూ పడతారని ముందే ఒప్పేసుకుని, పడేచోట పరుపు ఎక్కడ వేయాలా అని చూస్తున్నారన్నమాట. ఆ సంగతి ఆ గదిలో, పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు.

అప్పుడు మాస్టారు గుడ్డసంచి విప్పారు. అందులోంచి ఎర్రటి ప్లాస్టిక్ మగ్గు బయటికి వచ్చింది. స్నానాల గదిలో బకెట్టు పక్కన ఉండే మగ్గు. దాని చెవికి తాడు, ఆ తాడు చివర పరీక్ష తీగ. మమ్మల్నందరినీ లేపి, లిఫ్టు పక్కనున్న మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్లి, పరీక్షలు నేర్పడానికి పెట్టిన ఖాళీ బీరువాలో తీగ తగిలించారు. మగ్గు బయటికి వేలాడింది. తలుపు వేయమని పెద్దాయన్నే అడిగారు. పెద్దాయన తోశారు, ఇంకాస్త గట్టిగా తోశారు, భుజం పెట్టి కూడా తోశారు. మగ్గు అడ్డం పడి తలుపు మూతపడనే లేదు.

"తీగ లోపల ఉన్నంతసేపు తలుపు పడదు. మరిచిపోదామన్నా వీలుకాదు," అన్నారు మాస్టారు.

పెద్దాఫీసు అధికారి ఆ మగ్గును అటూ ఇటూ తిప్పి చూసి, మొహం చాలా గంభీరంగా పెట్టి అడిగాడు. "అంతా బాగానే ఉంది గానీ, ఇది చెడితే ఏ వైపు చెడుతుంది?"

మాస్టారి మొహం చూడాలి అప్పుడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. కళ్లు మెరిసిపోయాయి. తాడు తెగితే అంటారా అని, జేబులోంచి చిన్న కత్తెర తీసి తాడు కత్తిరించేశారు. మగ్గు సిమెంటు నేల మీద పడి దొర్లుకుంటూ వెళ్లి, ఠప్పుమని ఇనప మెట్టుకి తగిలి ఆగింది. పక్క హాల్లోంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు ఏమైందని.

"వినపడేటట్టు చెడుతుంది," అన్నారు మాస్టారు.

అధికారి నవ్వాపుకోలేకపోయాడు. నవ్వుతూనే, మనిషిని ఉంచండి, తీగను మార్చండి అన్నాడు. రెండు ఒకటి. ఆ లెక్కలో మొదటిసారి మాస్టారు గెలిచే వైపు ఉన్నారు. మెకానిక్ మెట్ల మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు మాత్రం ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చి భోరుమన్నాను. పక్క హాల్లోంచి వచ్చినవాళ్లు ఇంకా వెళ్లకుండా నన్ను చూస్తున్నారు. మాస్టారు అధికారి వైపు తిరిగి గర్వంగా, మా విభాగం అమ్మాయేనండి, సరైన వైపే చెడుతుంది, నేనే ఎంపిక చేశాను అన్నారు.

ఆ వారం వాళ్లింటికి వెళితే అత్తగారు నన్ను గుమ్మంలోనే నిలదీసింది. మా మగ్గు ఏదమ్మా, పొద్దున్నే గిన్నెతో నీళ్లు పోసుకుంటున్నాం అంది. ఆవిడ కూతురు, అంటే మాస్టారి భార్య, కాఫీ ఇస్తూ అసలు సంగతి చెప్పింది. విచారణకి ముందు ఆయన సరిగ్గా భోంచేయలేదట. ఆ మెకానిక్ తరఫున మాట్లాడాలా, ఊరుకోవాలా అని ఇంట్లో ఓటు పెట్టారట. మాట్లాడాలని ముగ్గురూ అన్నారు. ఆ ఇంట్లో మూడు ఓట్లు కలవడం అదే మొదలు.

"సంతోషిస్తారనుకుంటే అనుమానం పట్టుకుంది తల్లీ," అంది ఆవిడ. "మూడూ కలిశాయంటే ఎక్కడో లోపం ఉంది, వేరే బ్యాచ్ ఓటు కావాలన్నారు. వెళ్లి పక్కింటాయన తలుపు కొట్టారు."

"ఆ అల్లుడి గొడవ పొరుగాయనా?"

"ఆయనే. మాట్లాడటం మానేసిన మనిషి కదా, అంతకన్నా విడి ఓటు ఎక్కడ దొరుకుతుందన్నారు. ఆయన కథంతా విని, వెళ్లి మాట్లాడు, మాట్లాడకపోతే మళ్లీ నా గుమ్మం ఎక్కకు అన్నాడట."

మాస్టారు ఇవేవీ విననట్టు గడియారాలు మూడూ సరిచేసుకుంటూ నిలబడ్డారు. పొరుగాయన ఇప్పుడు రోజూ సాయంత్రం వస్తున్నాడని, అల్లుణ్ణి కూడా తెస్తున్నాడని, కుర్రాడు ఇంతవరకూ ఏ వైపూ చెడలేదని ఆవిడే చెప్పింది.

మా కేంద్రంలో ఇప్పుడు పరీక్ష తీగలన్నిటికీ పెద్ద ఎర్ర పలకలు ఉన్నాయి. పెద్దాఫీసు వాటికి చాలా పొడుగాటి పేరు పెట్టింది గానీ, మెకానిక్‌లంతా వాటిని మగ్గులనే అంటారు. "మగ్గు తీశావా?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. కొత్తగా చేరినవాళ్లకి తీగ మరిచిన కథ చెప్పేది ఆ మెకానికే. అతను పర్మినెంటు అయ్యాడు. కథలో చొక్కా తిరగేసి తొడుక్కున్న ఘట్టం ఏటేటా పెరుగుతోంది.

అతనికి ఆడపిల్ల పుట్టినప్పుడు మాస్టారూ నేనూ కలిసి చూడటానికి వెళ్లాం. మాస్టారు వాళ్ల ఇంటికి కొత్త మగ్గు ఒకటి కానుకగా పట్టుకొచ్చారు, ఎర్రదే. ఉయ్యాల కొక్కెం లాగి చూశారు. కిటికీ గడియ చూశారు. తరవాత వంగి పాపాయిని చాలాసేపు పరిశీలించారు. మెకానిక్‌కీ, అతని భార్యకీ ఆయన ఏం అడగబోతున్నారో తెలుసు, ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"ఆకలేస్తే ఏడుస్తుందా?" అన్నారు మాస్టారు.

"ఏడుస్తుందా అని అడుగుతారేంటండీ," అంది ఆ తల్లి. "ఈ పిల్ల ఏడిస్తే వీధి చివర కొట్టువాడు కూడా లేచి కూర్చుంటున్నాడు."

పాపాయి ఆ మాట నిజమేనన్నట్టు నోరు తెరిచి ఒక్క కేక పెట్టింది. మాస్టారు చెవులు మూసుకోలేదు. నా వైపు తిరిగి, ఎన్నో ఏళ్లుగా నా సమీక్షల్లో ఒక్కదానికీ అనని మాట అన్నారు.

"దిద్దాల్సింది ఏమీ లేదమ్మాయ్. ఒప్పుకున్నట్టు రాసుకో."